మనోభావాలు, కేసులు, మన పిల్లలు

వినాయక చవితి తర్వాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. దేవుణ్ణి ఏదో అన్నారని కేసు, లేదా కేసు పెడతామని బెదిరింపు. అందుకే పొలం గట్ల తగాదాలు, మనోవర్తి ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈ పేజీ అంతా దీనికే ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు వేయడం లేదు. పేరు బయటపడితే ఏమవుతుందోనన్న భయం దాదాపు అందరిలోనూ కనబడింది. విశాఖ కోర్టుల్లో ఇన్నేళ్ళు వకీలుగా తిరిగిన నన్ను బాధపెడుతున్నది ఆ భయమే.

ప్రశ్న (గాజువాక నుంచి ఒక తల్లి): అమ్మా, మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. చవితికి మా వీధి పందిట్లో పెట్టిన బొమ్మ ఫొటో తీసి, "ఈయనకి ఉండ్రాళ్ళ కన్నా డీజే అంటేనే ఇష్టంలా ఉంది" అని రాసి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి కమిటీ వాళ్ళకి పంపారు. వాళ్ళు ఇంటి మీదకొచ్చి, పందిరి ముందు గుంజీళ్ళు తీసి క్షమాపణ వీడియో ఇవ్వాలి, లేకపోతే కేసు పెడతామన్నారు. స్టేషన్ నుంచి ఒకసారి ఫోన్ కూడా వచ్చింది. వీడియో ఇచ్చేస్తే వదిలిపోతుందని వాళ్ళ నాన్న అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెల్లీ, ముందు వీడియో సంగతి. ఇవ్వొద్దు. మీ వారికి నా మాటగా చెప్పండి. ఇవాళ మీ వీధిలో నలుగురికి తెలిసిన విషయం ఆ వీడియోతో అనకాపల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా తిరుగుతుంది. ఎవరో రాసిచ్చిన కాగితం చూసి "కావాలనే చేశాను" అని భయంలో చదివితే ఆ మాటలే రేపు వాడి మెడకి చుట్టుకుంటాయి. పిల్లాడి చేత జనం మధ్య గుంజీళ్ళు తీయించి ఫోన్లలో పట్టుకోవడం ఏ చట్టంలోనూ లేని శిక్ష. బెదిరించి చేయిస్తే, చేయించినవాళ్ళే నేరం చేసినట్టు. మీ అబ్బాయికి ఎవరినో నొప్పించానని నిజంగా అనిపిస్తే, వీధి పెద్దల్లో మీ మాట వినే ఒకరిద్దరి దగ్గరికి వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళండి. కెమెరా లేకుండా మామూలుగా చెప్పించండి.

ఇక సెక్షన్. పాత ఐపీసీలో 295ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. ఒక వర్గం ప్రజల మతాన్ని గానీ మత విశ్వాసాన్ని గానీ మాటతో, రాతతో, బొమ్మతో, ఎలక్ట్రానిక్ పద్ధతిలో అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. నాన్‌బెయిలబుల్ కూడా, అంటే బెయిలు హక్కుగా రాదు. కమిటీ వాళ్ళు ఇక్కడి దాకా చదివి వచ్చుంటారు. కానీ ఆ సెక్షన్ మొదలయ్యేదే ఒక షరతుతో: ఆ వర్గం మత భావాలను తీవ్రంగా గాయపరచాలన్న ఉద్దేశం ఉండాలి, అదీ బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో ఉండాలి. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఈ సెక్షన్ చెల్లుతుందని చెబుతూనే, మతాన్ని అవమానించిన ప్రతి మాటా దీని కిందికి రాదని, తీవ్రమైన రూపంలో, కావాలని, ద్వేషంతో చేసిందే వస్తుందని తేల్చింది. డీజే మోత మీద మీవాడు విసిరిన విసురులో ఆ ద్వేషం ఎక్కడుంది? నిజానికి ఆ మోత గురించి ఆ వీధి ముసలివాళ్ళు అంతకన్నా ఘాటుగానే అనుకుని ఉంటారు.

మన రాష్ట్రంలోనే పుట్టిన కేసు ఒకటి చెబుతాను. 2013లో ఒక ఇంగ్లీషు పత్రిక క్రికెటర్ ధోనీని విష్ణుమూర్తిలా, చేతుల్లో రకరకాల కంపెనీల సరుకులతో ముఖచిత్రంగా వేసింది. అనంతపురంలో ఒకాయన ఫిర్యాదు చేశారు. అక్కడి కోర్టు వారంటు దాకా వెళ్ళింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పత్రిక సంపాదకుడి మీదా ధోనీ మీదా పెట్టిన కేసు కొట్టేసింది. తెలియకనో, అజాగ్రత్తగానో, ద్వేషబుద్ధి లేకుండానో చేసిన అవమానం 295ఎ కిందికి రాదని మళ్ళీ చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ధోనీకి ఢిల్లీలో పెద్ద వకీళ్ళున్నారు. అదే కేసు ఒక ఫ్లెక్సీ షాపు కుర్రాడి మీద పడితే ఎలా ఉంటుందో నేను దగ్గరుండి చూశాను.

వన్‌టౌన్ వైపు చిన్న దుకాణం అతనిది. కొత్త చికెన్ సెంటర్ ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ ఆర్డర్ వచ్చింది. పైన సంక్రాంతి శుభాకాంక్షలు, దేవుళ్ళ బొమ్మలు, కింద ధరలు, కోడి బొమ్మ. పార్టీ ఎలా అడిగితే అలా కంప్యూటర్లో పేర్చి ఇచ్చాడు. తెల్లారేసరికి ఎవరో ఫొటో తీశారు, మధ్యాహ్నానికి ఎఫ్ఐఆర్, సాయంత్రానికి ప్రింటింగ్ మెషిను స్టేషన్‌లో. ఆర్డర్ ఇచ్చినాయన ఊళ్ళో లేడు. బెయిలు వచ్చింది, మెషిను రాలేదు. ఆ మెషిను మీద తీసుకున్న అప్పు వాయిదాలు మాత్రం ఆగలేదు. కోర్టులో ప్రతి వాయిదాకీ తల్లి కూడా వచ్చి కోర్టు హాలు బయట బల్ల మీద కూర్చునేది. "అమ్మా, మా వాడు నోములు పట్టుకునే ఇంట్లో పుట్టాడు, వీడు దేవుణ్ణెందుకు తిడతాడు?" అని కనబడ్డ ప్రతి నల్లకోటునీ అడిగేది. చివరికి ప్రభుత్వ అనుమతి లేకుండా వేసిన చార్జిషీటని కోర్టు దాన్ని స్వీకరించలేదు. గెలిచాం. అప్పటికి దుకాణం లేదు. ఇలాంటి కేసుల్లో తీర్పు ఎటు వచ్చినా శిక్ష ముందే అమలైపోతుంది. అందుకే ఎఫ్ఐఆర్ కాకముందే జాగ్రత్తపడమంటున్నాను.

మీరు చేయాల్సింది ఇది. స్టేషన్ నుంచి మళ్ళీ ఫోన్ వస్తే, లిఖితపూర్వకంగా నోటీసు ఇస్తే వకీలుతో కలిసి వస్తామని చెప్పండి. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఆనవాయితీగా చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు ఇవ్వాల్సిన నోటీసు ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద వస్తుంది. ఆ నోటీసు వస్తే మాత్రం తప్పక వెళ్ళాలి. ఇంకా ముఖ్యమైనది 173(3). మూడేళ్ళు, ఆ పైన, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ హోదా అధికారి, మన నగరంలో అయితే ఏసీపీ, అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ చేసి, అసలు కేసుందో లేదో చూడొచ్చు. మాట మీద, రాత మీద పెట్టే ఇలాంటి కేసుల్లో ఆ విచారణ చేయడమే సబబని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు అంది. ఆ మాటలని ప్రతిదానికీ బెదిరిపోయే మనిషి దృష్టితో కాకుండా నిబ్బరం గల మనిషి దృష్టితో చూడాలని కూడా అంది. ఈ తీర్పు కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి. పైగా 299 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే అదే సురక్షా సంహిత సెక్షన్ 217 ప్రకారం కేంద్రం గానీ రాష్ట్రం గానీ ముందుగా అనుమతి ఇవ్వాలి. ఫోన్లో మెసేజీలు ఏవీ చెరపకండి. మొత్తం సంభాషణ ఉంటేనే మీవాడు ఏ సందర్భంలో అన్నాడో తెలుస్తుంది. వకీలు ఫీజు కష్టమైతే 15100కి ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థ సాయం అడగండి.

ప్రశ్న (మద్దిలపాలెం, విశ్రాంత ఉద్యోగి): పాకిస్తాన్‌లో మతాన్ని అంటే ఉరిశిక్ష ఉందట. మన దేవుళ్ళని మాత్రం ఎవడు పడితే వాడు ఏదైనా అంటాడు. మనకీ అంత గట్టి చట్టం ఎందుకు ఉండకూడదు?

జవాబు: అయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ గట్టి చట్టం ఎవరి మీద పడిందో చూసి అప్పుడు చెప్పండి.

ఆ దేశానిదీ మనదీ ఒకే వేరు. బ్రిటిష్‌వాళ్ళు 1860లో రాసిన శిక్షాస్మృతే ఇద్దరికీ మిగిలింది. 295ఎ కూడా ఉమ్మడిగా ఉన్నప్పుడు, లాహోర్ గొడవల్లోంచే పుట్టింది. ప్రవక్త మీద అవమానకరమైన పుస్తకం వేశాడని రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త మీద కేసు పెడితే, అప్పుడున్న చట్టంలో ఆ నేరం లేదని 1927లో లాహోర్ హైకోర్టు విడిచిపెట్టింది. జనం రగిలారు. ఆ ఏడే ఈ సెక్షన్ వచ్చింది. అది జనాన్ని చల్లార్చలేదు. 1929లో రాజ్‌పాల్‌ని పొడిచి చంపారు. 1982లో, 1986లో జియావుల్ హక్ పాలనలో పాకిస్తాన్ దానికి ఖురాన్ అపచారం మీద 295బి, ప్రవక్త దూషణ మీద 295సి చేర్చింది. చివరిదానికి మరణశిక్ష.

దాని కింద పడ్డ ఆసియా బీబీ పొలం కూలీ. పంజాబ్‌లో ఒక పల్లెలో 2009 జూన్‌లో ఫల్సా పళ్ళు కోస్తూ తోటి కూలీలకి మంచినీళ్ళు తెచ్చింది. క్రైస్తవురాలు ముట్టుకున్న నీళ్ళు తాగబోమన్నారు వాళ్ళు. మాటా మాటా పెరిగింది. ఈ నీళ్ళ గొడవ ఎలాంటిదో మన ఊళ్ళు ఎరిగినవాళ్ళకి విడమర్చి చెప్పనక్కర్లేదు. కొద్ది రోజులకి అది దైవదూషణ కేసయింది. 2010లో మరణశిక్ష వేశారు. ఆమె తరఫున మాట్లాడిన పంజాబ్ గవర్నర్ సల్మాన్ తాసీర్‌ని 2011 జనవరి 4న సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. రెండు నెలలు తిరక్కుండా, ఈ చట్టాన్ని విమర్శించిన మంత్రి షాబాజ్ భట్టీనీ చంపేశారు. సాక్ష్యం నిలవదని సుప్రీంకోర్టు ఆమెని విడుదల చేసింది 2018 అక్టోబర్ 31న. 2017లో మర్దాన్‌లో మషాల్ ఖాన్ అనే విద్యార్థిని యూనివర్సిటీలోనే తోటివాళ్ళు కొట్టి చంపారు. అతను దైవదూషణ చేశాడనడానికి ఆధారం దొరకలేదు. ఇంతా చేసి ఆ చట్టం కింద ప్రభుత్వం ఇప్పటిదాకా ఒక్కరినీ ఉరి తీయలేదు. ఉరి మాట చట్టంలో ఉంటే చాలు, మిగతా పని జనమే కానిచ్చేస్తారు. పోట్లాడుకున్న పక్కింటివాడు, బాకీ ఎగ్గొట్టాలనుకున్నవాడు, కులం తక్కువని చూసేవాడు, అందరి చేతికీ ఆ కత్తి దొరుకుతుంది. అది మన పంచాయతీల్లోకి రావాలని నేను కోరుకోను. మీరూ కోరుకోరనే నమ్మకం నాది.

ప్రశ్న (ఆంధ్ర విశ్వవిద్యాలయం, న్యాయశాస్త్ర విద్యార్థి): మేడమ్, చాలా దేశాలు ఈ చట్టాలు తీసేశాయి కదా. 299ని మనమూ తీసేయాలంటారా?

జవాబు: బాబూ, తీసేయాలనే నా అభిప్రాయం. ఎందుకంటున్నానో ఆ దేశాల సంగతి చూస్తే నీకే తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో దైవదూషణ నేరం కాపాడింది వాళ్ళ అధికార మతాన్నే. రష్దీ నవల వివాదంలో ముస్లింలు ఆ చట్టం కింద కోర్టుకి వెళితే అది క్రైస్తవానికే వర్తిస్తుందన్నారు. అంటే ఒకరి దేవుడికి పోలీసు కాపలా, ఇంకొకరి దేవుడికి లేదు. 2008లో ఆ నేరాన్ని రద్దు చేశారు. ఐర్లండ్‌లో 2018లో ప్రజల ఓటు పెడితే దాదాపు 65 శాతం రాజ్యాంగంలోంచి ఆ మాట తీసేయమన్నారు. అమెరికాలో, దైవాపచారమని చెప్పి ప్రభుత్వం సినిమాని ఆపడం కుదరదని 1952లోనే సుప్రీంకోర్టు తేల్చింది. డెన్మార్క్ కథ వేరు. 2017లో పాత చట్టం తీసేసి, వరసగా ఖురాన్ ప్రతులు తగలబెట్టిన ఘటనల తర్వాత 2023 డిసెంబర్‌లో మత గ్రంథాలతో అనుచితంగా ప్రవర్తించడం నేరమని కొత్తది తెచ్చింది. కాబట్టి ప్రపంచమంతా ఒకే దారిన పోతోందని పరీక్షలో రాయకు.

ఇండోనేషియాని కూడా చదువు. జకార్తా గవర్నర్‌గా పనిచేసిన అహోక్ క్రైస్తవుడు. ఆయన ప్రసంగంలో ఒక ముక్క కత్తిరించి వీడియోగా తిప్పారు. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. 2017లో ఎన్నికలో ఓడాక రెండేళ్ళ జైలు శిక్ష పడింది. సందర్భంలోంచి కత్తిరించిన ముక్క ఎంత పని చేయగలదో మన గాజువాక తల్లి ఉత్తరం చదివితే తెలుస్తుంది.

మన రాజ్యాంగం 19(2)లో వాక్ స్వాతంత్ర్యానికి పెట్టిన హద్దులు ఒక్కసారి వరసగా చదువు. శాంతిభద్రతలు ఉన్నాయి, నైతికత ఉంది, పరువునష్టం ఉంది. మత భావాలన్న మాట లేదు. 295ఎ నిలబడింది శాంతిభద్రతల ఆసరాతోనే. ఆచరణలో ఆ ఆసరా ఎలా మారిందంటే, ఎవరు ఎక్కువ అల్లరి చేస్తారో వాళ్ళ భావాలకే విలువ. నోరుమూసుకుని బాధపడేవాడి భావాలు లెక్కలోకి రావు. 1927లో ఈ బిల్లు చర్చకి వచ్చినప్పుడే, చరిత్ర రాసేవాళ్ళకీ, నిజాయితీగా మతాన్ని విమర్శించేవాళ్ళకీ రక్షణ ఉండాలని జిన్నా హెచ్చరించారు. ఆ హెచ్చరిక సరైనదేనని ఫ్లెక్సీ కుర్రాడి కేసు చూశాక నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రార్థనా స్థలాన్ని పాడుచేయడం, పూజలో ఉన్నవాళ్ళని చెదరగొట్టడం, శ్మశానంలో అపచారం చేయడం నేరాలుగా ఉండాల్సిందే. న్యాయ సంహితలో 298, 300, 301 అందుకే ఉన్నాయి. మనుషుల మీద హింసకి రెచ్చగొట్టేవాడికీ శిక్ష ఉండాలి. ఒక భావాన్ని అవమానించాడని మాత్రం ఎవరినీ లోపల వేయకూడదు.

ప్రశ్న (అక్కయ్యపాలెం): నేను దేవుణ్ణి నమ్మనని బహిరంగంగా చెప్పడం నేరమా?

జవాబు: కాదు. 1972లో జయగోపాల్ గారు భారత నాస్తిక సమాజం పెట్టింది ఈ విశాఖలోనే.

ప్రశ్న (అడవివరం, ఆలయ అర్చకులు): మీ వ్యాసాలు చదువుతుంటాను. భావ స్వేచ్ఛ అంటారు. పొద్దున్నే లేచి స్వామికి సేవ చేసుకునే మాకు, ఆయన్ని నీచంగా తిడుతుంటే కడుపు రగిలిపోదా? మా బాధకి చట్టంలో చోటు లేదా?

జవాబు: స్వామీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధ నిజమైనది. దాన్ని చిన్నది చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పొత్తు లేదు. నేనూ సింహాచలం చందనోత్సవానికి క్యూలో నిలబడి నిజరూప దర్శనం చేసుకునే మనిషినే.

మీ కొండ మీది కవి గోగులపాటి కూర్మనాథుణ్ణి మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. దండు మీద పడి దోచుకుంటుంటే నువ్వు చేతులు ముడుచుకుని కూర్చున్నావేమిటని సింహాద్రి అప్పన్ననే నిలదీసి, దెప్పి, ఎద్దేవా చేసి శతకం చెప్పాడాయన. తుమ్మెదలు వచ్చి ఆ దండుని తరిమాయని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పద్యాలు ఎవరివో చెప్పకుండా, సందర్భం తీసేసి ఇవాళ ఫోన్లో పెడితే ఎన్ని స్టేషన్లలో కేసులవుతాయో ఆలోచించండి. ఆయన భక్తుడు కదా, తిట్టేవాడికి భక్తి ఏదీ అంటారు మీరు. నిజమే, తేడా ఉంది. ఆ తేడా మీకు తెలుస్తుంది. కానీ దాన్ని తేల్చమని మనం అడుగుతున్నది ఎవరిని? రాత్రి డ్యూటీలో ఉన్న ఎస్సైని. భక్తి ఎక్కడ ఆగిందో, నింద ఎక్కడ మొదలైందో ఆయన తేల్చాలి. వేమన విగ్రహారాధనని కడిగిపారేశాడు. ఆ పద్యాలు మన పిల్లల చేత బడిలో వల్లె వేయించాం. ఇంత చోటున్న ఇంట్లోంచి వచ్చినవాళ్ళం మనం.

మిమ్మల్ని గానీ మీ కుటుంబాన్ని గానీ ఎవరైనా బెదిరిస్తే, ఆలయంలోకి వచ్చి పూజ చెడగొడితే, మీ సాటివాళ్ళ మీద చెయ్యి చేసుకోమని జనాన్ని ఉసిగొల్పితే, ఫీజు లేకుండా మీ తరఫున నేను నిలబడతాను. ఎవరో నోరు పారేసుకుంటే జవాబు చెప్పే నోరు మీకుంది. చదువుంది, సభ పెడితే వచ్చే జనం ఉన్నారు. ఆ కుర్రాడు జైల్లో ఉంటే మీ జవాబు వాడికి వినబడదు.

ప్రశ్న (వన్‌టౌన్, చిన్న వ్యాపారి): మా ప్రవక్తను దూషిస్తూ, మా వాళ్ళ దుకాణాల్లో ఎవరూ కొనకూడదని, వీధిలోంచి తరమాలని ఒకడు ఫేస్‌బుక్‌లో పెట్టాడు. మా మసీదు పెద్దలు కుర్రాళ్ళని ఆపారు. ఫిర్యాదు తీసుకుని వెళితే ఒక స్టేషన్‌లో తీసుకోలేదు. చట్టం అందరికీ ఒకటే కాదా?

జవాబు: భాయ్, ముందుగా మీ పెద్దలకి నా సలాం చెప్పండి. దర్గా కొండ, చర్చి కొండ, వెంకటేశ్వరుడి కొండ పక్కపక్కన ఉన్న చోట కుర్రాళ్ళని ఆపగలగడం చిన్న విషయం కాదు.

మీ ఫిర్యాదుని రెండుగా చూడండి. దూషణ ఒకటి, దుకాణాల మీదకి జనాన్ని రెచ్చగొట్టడం ఇంకొకటి. మొదటిది మనసుకి ఎంత గుచ్చుకున్నా, రెండోదాన్నే ముందు రాయండి. మీ బతుకు మీదకి వచ్చింది అదే. అది న్యాయ సంహిత 196 కిందికి వస్తుంది. వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం, మూడేళ్ళ దాకా శిక్ష. చట్టం అందరికీ ఒకటే కావాలి. ఒక వీధిలో డీజే మీద చెణుక్కి ఫోన్ వెళ్ళి, పక్క వీధిలో తరిమేస్తామన్న వాడి మీద ఫిర్యాదే తీసుకోకపోతే అది అన్యాయమే.

పోస్టు లింకు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్, పెట్టినవాడి ప్రొఫైల్ లింకు జతచేసి ఫిర్యాదు రెండు ప్రతులు రాయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) ప్రకారం దాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పై అధికారికి, మన నగరంలో అయితే పోలీస్ కమిషనర్‌కి పంపండి. పోస్టాఫీసు రసీదు జాగ్రత్త. అప్పటికీ కదలిక లేకపోతే అవే కాగితాలతో మేజిస్ట్రేటు కోర్టులో 175(3) కింద దరఖాస్తు వేయొచ్చు. అఫిడవిట్ తప్పనిసరి. ఫేస్‌బుక్‌లో ఆ పోస్టుని రిపోర్టు కూడా చేయండి, కానీ స్క్రీన్‌షాట్లు భద్రపరిచాకే.